ఓపిక చాలని పందెం

తన శక్తికి మించినదని తెలిసి కూడా ఒక పనిని తలకెత్తుకుని, ఒళ్లు వద్దంటున్నా సంకల్పబలంతో దాన్ని చివరిదాకా ఈడ్చుకుపోయే మనిషి చేస్తున్నది తపస్సా, తపస్సు వేషం కట్టిన మరొకటా అన్న ప్రశ్న భారతీయ చింతనలో చాలా పాతది. ఉపవాసాల గురించి, పంచాగ్నుల నడుమ కూర్చునేవారి గురించి, ఒంటికాలి మీద రోజులు గడిపేవారి గురించి బౌద్ధులూ జైనులూ యోగులూ వైద్యులూ ఎవరి పద్ధతిలో వారు దీన్ని అడిగారు. అడవుల్లో, ఆశ్రమాల్లో తలెత్తిన ఆ ప్రశ్న ఈ కాలంలో సముద్రపు ఒడ్డున, తారురోడ్ల మీద, చేతిగడియారాల లెక్కల నడుమ మళ్లీ ఎదురవుతోంది. చాలినంత సాధన లేకుండా, పైగా అప్పటికే అలసిన ఒంటితో, దూరపు ట్రయథ్లాన్‌కు దిగేవారి విషయంలో దీన్ని పరీక్షించడం ఒక విధంగా తేలిక, ఎందుకంటే పని ఎంతో, గడువు ఎంతో, కొరత ఎక్కడ పడిందో అక్కడ అంకెల్లో తేలిపోతుంది.

ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు అనే మూడింటినీ ఒకే రోజున, ఒకదాని వెంట ఒకటిగా పూర్తిచేయవలసిన పందెం. అందులో ఐరన్‌మ్యాన్ అని పేరుపడిన దూరానికి 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. మొత్తానికి సాధారణంగా 17 గంటల గడువు ఇస్తారు, ఈత 2 గంటల 20 నిమిషాల్లో ముగియాలని, ఈతా సైకిలూ కలిపి 10 గంటల 30 నిమిషాలు దాటకూడదని లోపలి గడువులు కూడా పెడతారు. 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవుల్లోని ఒవాహులో, అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ, అప్పటికి ఆ దీవిలో విడివిడిగా జరుగుతున్న మూడు పందేలను ఒకే రోజులోకి కలిపి కుట్టినప్పుడు ఈ దూరపు పందెం పుట్టింది. ఆనాడు 15 మంది బయలుదేరి 12 మంది పూర్తిచేశారు, గెలిచిన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లు పట్టింది. అంతకుముందు ముందంజలో ఉన్న జాన్ డన్‌బార్‌కు దారిలో సహాయకుల దగ్గర నీళ్లు అయిపోతే వాళ్లు బీరు అందించారన్నది ఆ క్రీడా చరిత్ర తరచు చెప్పుకునే ముచ్చట. పరాచికం, పంతం, ముందుచూపు లేకపోవడం అనే మూడూ ఈ క్రీడకు పుట్టుకతోనే అబ్బాయనడానికి ఆ బీరు ఒక్కటి చాలు. భారతదేశంలో 2019లో గోవా తీరాన దీనిలో సగం దూరపు పందెం మొదలైన తర్వాత ఆఫీసు ఉద్యోగుల నోటా ఈ మాట వినబడుతోంది.

సాధన చాలకపోవడం అంటే శరీరంలో ఏమిటో చూడకుండా ముందుకు పోతే చర్చ గాలిలో మిగిలిపోతుంది. కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజన్ రూపంలో నిలవ ఉండే చక్కెర సుమారు 400 నుంచి 500 గ్రాములు, అంటే దాదాపు 2,000 కిలోకేలరీలు. ఇంత దూరపు పందెం దానికి ఎన్నో రెట్లు ఖర్చుచేయిస్తుంది. నెలల తరబడి చేసే సాధన ఆ లోటును పూడ్చుకోవడానికి కొవ్వును వాడుకోవడం ఒంటికి నేర్పుతుంది, కదులుతూనే తిన్నదాన్ని ఇముడ్చుకోవడం కడుపుకు అలవాటుచేస్తుంది, వేల అడుగుల దెబ్బను ఓర్చుకునేలా స్నాయువులను గట్టిపరుస్తుంది. ఇవేవీ జరగని ఒంట్లో గుండె, ఊపిరితిత్తులు ఇంకా పనిచేస్తుండగానే మోకాళ్లు, తొడలు జవాబిచ్చేస్తాయి. పరుగు సగానికి వచ్చేసరికి చొక్కా మీద ఆరిన చెమట ఉప్పు తెల్లగా చారలు కడుతుంది, పొద్దుటి నుంచి మింగిన తీపి జెల్ వాసనకే వాంతి వస్తుంది, పరుగన్నది ఒక నీళ్ల బల్ల నుంచి మరో నీళ్ల బల్లదాకా నడకగా మారుతుంది. దాహమనుకుని అదేపనిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమూ ఉంది. అక్కడ మనిషిని కదిలిస్తున్నది ఏమిటన్నదే తాత్త్విక ప్రశ్న.

దీనికి ఆయుర్వేదం ఇచ్చిన జవాబు ముందు చెప్పుకోదగినది, ఎందుకంటే అది ఆధ్యాత్మిక భాష వాడకుండానే అసలు విషయాన్ని పట్టుకుంది. శోషం అంటే శరీరం ఎండి క్షీణించిపోయే వ్యాధి. చరకసంహిత నిదానస్థానం దానికి చెప్పిన నాలుగు కారణాల్లో మొదటిది సాహసం. ఆ మాటకు ఆ గ్రంథం ఇచ్చిన ఉదాహరణల పట్టిక చదివితే ఈనాటి పాఠకుడికి ఆశ్చర్యం కలుగుతుంది: బలహీనుడు బలవంతుడితో కలబడటం, మరీ పెద్ద వింటిని లాగబోవడం, మోయలేని బరువు ఎత్తడం మొదలైన వాటితో పాటు నీళ్లలో అతిదూరం ఈదడం, చాలా దూరపు దారిని వేగంగా పరుగెత్తడం కూడా అందులో ఉన్నాయి. ఆ కాలానికి సైకిలు లేదు కాబట్టి పట్టిక అసంపూర్ణంగా మిగిలింది. మిగతావన్నీ వదులుకుని అయినా శరీరాన్ని కాపాడుకోవాలని, శరీరం లేకపోతే ఉన్నవేవీ ఉన్నట్టు కాదని ఆ అధ్యాయంలోనే వైద్యుడు హెచ్చరిస్తాడు. అదే సంహిత సూత్రస్థానంలో అలవాటైన వ్యాయామాన్ని సైతం అతిగా చేయవద్దంటూ, అతికి పోయినవాడిని ఏనుగును లాగబోయి నశించే సింహంతో పోల్చింది. ఈ పోలికలో ఒక సూక్ష్మం ఉంది, సింహం దుర్బలమైన జంతువు కాదు. దాని తప్పు బలం లేకపోవడంలో లేదు, ఎదుటనున్న బరువుతో తన బలాన్ని తూచుకోకపోవడంలో ఉంది.

సంస్కృతంలో సాహసం అనే మాటకు ముందువెనుకలు చూడని బలప్రయోగం అన్నది ముఖ్యార్థం. ధర్మశాస్త్రాల వ్యవహారపదాల్లో, అంటే న్యాయసభకు ఎక్కదగిన వివాదాల వర్గాల్లో, అది ఒక నేరం పేరు కూడా. తెలుగులో అదే మాట శౌర్యానికి పర్యాయపదమైంది, పసివాళ్లకు ఇచ్చే పురస్కారాల పేర్లలోకి ఎక్కింది. మాట అర్థం మారడం తప్పేమీ కాదు గానీ, పాత అర్థం పోవడంతో పాటు ఆ అర్థం చేసిన హెచ్చరిక కూడా పోయిందేమోనని అనుమానించవలసి వస్తుంది, ఎందుకంటే సాధన చాలని పోటీదారును చూసి సాహసి అన్నప్పుడు వైద్యుడి చేతిలో అది రోగనిర్ణయం, ప్రేక్షకుడి నోట అది బిరుదు.

భగవద్గీత ఈ విషయంలో ఒక పక్షానికే సాక్ష్యం చెప్పదు. పద్దెనిమిదో అధ్యాయంలో కర్మను గుణాలను బట్టి మూడుగా విడదీస్తూ, పర్యవసానం, నష్టం, హింస, తన సామర్థ్యం అనే నాలుగింటినీ లెక్కచేయకుండా మోహంతో ఆరంభించిన పనిని తామసం అంటుంది. పదిహేడో అధ్యాయం శాస్త్రం చెప్పని ఘోర తపస్సును దంభంతో, అహంకారంతో చేస్తూ ఒంట్లోని భూతసముదాయాన్ని కృశింపజేసేవారిని ఆసుర నిశ్చయం కలవారిగా లెక్కకడుతుంది. ఇంతవరకు వైద్యుడూ గీతా ఒకే మాట మీద ఉన్నట్టే. అయితే అదే పద్దెనిమిదో అధ్యాయం, శరీరానికి కష్టమన్న భయంతో కర్మను వదిలేసినవాడి త్యాగం రాజసమని, దానివల్ల త్యాగఫలం దక్కదని కూడా అంటుంది. పరుగు మధ్యలో కూలబడబోతున్నవాడికి ఈ రెండు మాటలూ ఒకేసారి గుర్తుకు వస్తే అతడు కదలలేడు, ఆగలేడు. నొప్పికి భయపడి ఆగితే రాజసం, శక్తిని చూసుకోకుండా సాగితే తామసం. మూడో దారి ఎక్కడో గీత అక్కడికక్కడ చెప్పదు. ఎవరికి అనుకూలమైన శ్లోకాన్ని వారు ఏరుకుని ప్రసంగాల్లో వాడుకోవడం చూస్తుంటే, ఈ ఇబ్బందిని ఇబ్బందిగా ఒప్పుకోవడమే మేలనిపిస్తుంది.

ఈ చిక్కును విప్పే దారాన్ని పూర్వమీమాంసలో వెదకవచ్చు. వేదవిధులకు అర్థం నిర్ణయించే ఈ శాస్త్రాన్ని ఎండిన తర్కమని పక్కన పెట్టడం అలవాటైపోయింది గానీ, జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో అధికారం గురించి, అంటే ఏ కర్మను ఎవరు చేయవచ్చునన్న దాని గురించి జరిగిన చర్చ ఈ సందర్భానికి అతికినట్టు సరిపోతుంది. మీమాంసకులు కర్మలను నిత్యమనీ కామ్యమనీ విడదీస్తారు. నిత్యం అంటే ఫలాపేక్షతో సంబంధం లేకుండా బతికున్నంతకాలం చేసితీరవలసినది. దాని అంగాలన్నీ, అంటే ఉపక్రియలన్నీ, సమకూర్చుకోలేనివాడు చేయగలిగినంతే చేసినా ఆ కర్మ చెల్లుతుంది. ఇంట్లో రోజూ చేసే పూజలో శక్తి ఉన్నమేరకు అన్న మాట సంకల్పంలోనే చేర్చుకునే ఆచారం వెనుక ఉన్న ఊహ ఇదే. కామ్యం అంటే ఫలానా ఫలం కావాలని కోరి, ఇష్టపడి ఎత్తుకున్నది. దానికి ఈ వెసులుబాటు లేదు, అంగాలన్నిటినీ నిర్వహించగలిగినవాడికే అందులో అధికారం. అయితే ఇంతటితో వదలకుండా మీమాంసకులు మరో మాట అంటారు: కామ్యకర్మ అయినా ఒకసారి ఆరంభించాక, కోరిక తీరిపోయినా, చల్లారిపోయినా, దాన్ని మధ్యలో విడవకూడదు.

దూరపు ట్రయథ్లాన్ ఎవరికీ నిత్యకర్మ కాదు. రుసుము కట్టి, పేరు నమోదు చేయించుకుని, పతకాన్నో పేరునో తనమీద తనకు కలగవలసిన నమ్మకాన్నో కోరి ఎత్తుకునే ఆ పని నూటికి నూరుపాళ్లు కామ్యం. నెలల సాధన, నిద్ర, తిండి, పందేనికి ముందు వారాల్లో శ్రమను క్రమంగా తగ్గించే టేపర్ అనే విశ్రాంతి దాని అంగాలు. అంగాలు లోపించినా ఏదో శక్తి కొద్దీ కానిద్దాం అనుకుని నీళ్లలోకి దిగేవాడు నిత్యానికిచ్చిన సడలింపును కామ్యానికి వాడుకుంటున్నాడు. అలసినవాడు వంట మానేస్తే ఇల్లు పస్తు ఉంటుంది కనుక అతడు ఉన్న ఓపికతోనే పొయ్యి వెలిగించడం ధర్మం. అలసినవాడు ఈదకపోతే ఎవరూ పస్తు ఉండరు. గీతలోని తామసకర్మ లక్షణంలో క్రియాపదం ఆరంభించడం అన్నదేనని ఇక్కడ గమనించాలి. వైద్యుడు, గీతాకారుడు, మీమాంసకుడు ముగ్గురూ దోషాన్ని పెట్టింది పని మొదలయ్యే చోట, కానీ నేటి క్రీడాసంస్కృతి కెమెరాలను నిలబెట్టేది పని ముగిసే చోట. గీతలోని రెండు మాటలకూ వైరుధ్యం కనబడటానికి చాలావరకు కారణం, ఆరంభానికి చెప్పినదాన్నీ విరమణకు చెప్పినదాన్నీ ఒకే క్షణానికి అన్వయించడం.

ముగింపు రేఖ దగ్గర జరిగిన రెండు సంఘటనలను ఈ వెలుగులో చూడవచ్చు. 1981లో ఐరన్‌మ్యాన్ పందెం హవాయిలోనే కోనా పట్టణానికి మారింది. 1982 ఫిబ్రవరిలో అక్కడ మహిళల్లో అందరికన్నా ముందు పరుగెత్తుతున్న జూలీ మాస్ అనే 23 ఏళ్ల విద్యార్థిని, వ్యాయామ శరీరధర్మశాస్త్రంలో చదువు ముగింపు పరిశోధన కోసం ఆ పందేనికి వచ్చినదే తప్ప ఏళ్ల సాధన వెనకేసుకున్నది కాదు. రేఖ కొన్ని అడుగుల దూరంలో ఉండగా ఆమె కాళ్లు మడతబడిపోయాయి. లేవబోయి పడి, మళ్లీ లేవబోయి పడి, ఒంటిమీద అదుపు పూర్తిగా తప్పిన స్థితిలో ఉండగా క్యాథ్లీన్ మెకార్ట్నీ పక్కనుంచి దాటి గెలిచింది. మాస్ చేతుల మీద, మోకాళ్ల మీద పాకి 29 సెకన్ల తర్వాత రేఖను ముట్టుకుంది. టెలివిజన్‌లో ఆ దృశ్యం చూసి ఎందరో ఈ క్రీడకు వచ్చారు. మీమాంసకుడిని అడిగితే ఆమె మొదలుపెట్టి ఉండవలసింది కాదని ఒక నోటితో, మొదలుపెట్టింది కనుక పాకవలసిందేనని మరో నోటితో తీర్పు చెబుతాడు. వినడానికి వింతగా ఉన్నా ఆ తీర్పులో నిజాయతీ ఉంది, పాకడాన్ని చూపి మొదలుపెట్టడాన్ని సమర్థించే వీలు అది ఇవ్వదు. చరకుడు మాత్రం రెండో నోటికి అడ్డుపడతాడు, అతడి లెక్కలో శరీరం దాటిన తర్వాత పూర్తిచేయవలసిన కర్మ ఏదీ మిగలదు.

రెండోది 1995 నాటిది. అప్పటికే అదే పందేన్ని ఏడుసార్లు గెలిచిన పౌలా న్యూబీ ఫ్రేజర్‌కు సాధన చాలకపోవడం అన్న మాటే వర్తించదు. అయినా రేఖకు కొన్ని వందల మీటర్ల దూరంలో ఆమె తూలి, ఆగి, రోడ్డు మీద కూర్చుని, ఆపైన పడుకుంది. బూట్లు విప్పేసింది. వెనుకబడినవారు దాటిపోతుండగా దాదాపు 20 నిమిషాలు అలాగే ఉండి, లేచి, వట్టి కాళ్లతో నడిచి నాలుగో స్థానంలో ముగించింది. మరుసటి ఏడు వచ్చి ఎనిమిదోసారి గెలిచింది. కీర్తి మాస్ పాకడానికే ఎక్కువ దక్కింది గానీ, ఆలోచించదగినది ఈ కూర్చోవడమే. విరమణకూ మొండితనానికీ నడుమ మూడో దారి ఏదన్న ప్రశ్నకు ఏ శాస్త్రమూ చెప్పని జవాబు ఆ 20 నిమిషాల్లో ఎక్కడో ఉంది.

కాళ్ల ప్రస్తావన వచ్చింది కనుక బౌద్ధ వినయపిటకంలోని సోణుడిని తలవకుండా ఉండలేము. సుకుమారంగా పెరిగిన ఆ శ్రీమంతుల బిడ్డ భిక్షువై, రాజగృహం దగ్గరి శీతవనంలో చంక్రమణం, అంటే ముందుకూ వెనక్కూ నడుస్తూ చేసే ధ్యానం, ఎంత ఉగ్రంగా చేశాడంటే పాదాలు చిట్లి నడకదారి నెత్తురుమయమైంది. ఇంత చేసినా ఏమీ అందలేదని ఇంటికి మరలిపోదామనుకున్నవాడి దగ్గరికి బుద్ధుడు వచ్చి, పూర్వం వీణ వాయించేవాడివి కదా అని అడిగి, తీగ మరీ బిగిసినా మరీ వదులైనా పలకదని అతడి నోటనే చెప్పించి, వీర్యసమత అంటే ప్రయత్నంలో సమతూకం పాటించమన్నాడు. ఈ కథను మధ్యేమార్గానికి దృష్టాంతంగా అందరూ చెబుతారు, దాని తర్వాతి భాగాన్ని మాత్రం తక్కువమంది తలుస్తారు. సోణుడు అర్హతుడైన తర్వాత బుద్ధుడు అతడికి ఒంటి అట్ట చెప్పులు వేసుకోవడానికి అనుమతి ఇస్తే, సంఘానికంతటికీ ఇస్తే తప్ప తనకు వద్దన్నాడు. దాంతో భిక్షువులందరికీ చెప్పులు వచ్చాయి. అంత లోతైన ఉపదేశం చివరికి చెప్పుల దాకా దిగివచ్చిందంటే, నడిచే కాళ్లను పట్టించుకోవడం ఆధ్యాత్మికతకు తక్కువ పనిగా ఆ సంఘం భావించలేదన్నమాట.

తిరుమల కొండకు అలిపిరి నుంచి ఉన్న 3,550 మెట్లను అలవాటు లేని ఒంటితో ఎక్కేవారు ఏటా లక్షల్లో ఉంటారు, రామానుజులు మోకాళ్ల మీద ఎక్కారని పరంపర చెప్పే చోట తామూ మోకాళ్లు మోపేవారు ఉంటారు, వారిని తామసులనగలమా అన్న ఆక్షేపణ ఇక్కడ సహజం. మొక్కు కూడా కామ్యమే. కానీ దానికి ఎదుట వినేవాడొకడు ఉన్నాడన్న నమ్మకం ఉంది. ఆలస్యమైతే ముడుపు కట్టి ఉంచవచ్చు, మెట్టు మెట్టుకూ కూర్చోవచ్చు, గడియారం తరమదు. పందెంలో మొక్కిన చేతులూ మొక్కు అందుకునే దేవుడూ ఒకరే అయ్యే ప్రమాదం ఎక్కువ, తనకు తాను ఇచ్చుకున్న మాటను తప్పితే క్షమించే రెండోవాడు అక్కడ ఉండడు. సత్కారం కోసం, మన్నన కోసం దంభంతో చేసిన తపస్సు చంచలమని, నిలవదని గీత అన్నది ఇలాంటి ఒంటరితనాన్ని దృష్టిలో పెట్టుకునేనేమో.

తెలుగులో ఓపిక అన్న మాట ఈ చర్చ మొత్తాన్నీ తనలో ఇముడ్చుకుంది. ఒంట్లో ఓపిక లేదన్నప్పుడు అది సత్తువ, కాస్త ఓపిక పట్టమన్నప్పుడు అది సహనం. రెండింటినీ ఒకే మాటతో చెప్పిన భాషకు ఒకదానినుంచి మరొకటి పుడుతుందని తెలిసే ఉండాలి. అభ్యాసం చిరకాలం, ఎడతెగకుండా, ఆదరంతో సాగితేనే నేల గట్టిపడుతుందని పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో చెప్పినదీ ఈ పుట్టుక గురించే. చీకటితో లేచి చన్నీళ్లలో ఈదిన నెలల ఓపికే పందెం నాటి ఓపికగా మారుతుంది. మొదటిది లేకుండా రెండోదాన్ని ఒక్కరోజులో పుట్టించబోయేవాడు, ఫలం మీద కాక కర్మ మీదనే అధికారం ఉందన్న ప్రసిద్ధ బోధను తలకిందులు చేసి, కర్మను విడిచి ఫలాన్ని మాత్రం అడుగుతున్నాడు.

అలసట సంగతి వేరు, దాన్ని సాధనలేమితో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. సుశ్రుతసంహిత క్లమం అనే ఒక స్థితిని చెబుతుంది, శ్రమ చేయకుండానే, ఆయాసం లేకుండానే ఒంట్లో పెరిగి, ఇంద్రియాలను వాటి విషయాలనుంచి అడ్డుకునే బడలిక అది. నెలల తరబడి సాధన చేసి కూడా రాత్రి ఉద్యోగాలవల్లో, ఇంట్లో జబ్బులవల్లో, సాధనే శ్రుతిమించడంవల్లో క్లమంతో ఆరంభరేఖకు వచ్చినవాడు అంగాలను నిర్లక్ష్యం చేసినవాడు కాడు. అతడికి కొరవడింది ఆ రోజు మాత్రమే. మోహం అన్న మాటను అతడిమీద వాడటానికి ఎవరికీ అధికారం ఉండదు, అతడు వెనుదిరిగినా సరే, దిగినా సరే.

పోటీదారు చీలమండకు ఒక పట్టీ కట్టి ఉంటుంది, దానిలోని చిప్ అతడు దాటిన ప్రతి గుర్తునూ కాలంతో సహా నమోదు చేస్తుంది. సైకిలు దిగి పరుగు బూట్లు వేసుకునే గుడారంలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, బూటు లేసు ముడి వేయడానికి వేళ్లు రాక, చాలాసేపు నేలవైపు చూసి, చివరకు ఆ పట్టీ విప్పి ఇచ్చేసేవాడు ప్రతి పందెంలోనూ ఉంటాడు. అందుకునే వాలంటీరు కారణం అడగడు. నొప్పికి భయపడి ఇచ్చాడో, తన బలాన్ని ఆలస్యంగానైనా తూచుకుని ఇచ్చాడో, ఇద్దరిలో ఎవరికీ అప్పటికి స్పష్టంగా తెలియదు. సాయంత్రం వెలువడే ఫలితాల జాబితాలో రెండు రకాల త్యాగాలకూ ఒకే గడిలో డీఎన్ఎఫ్, అంటే పూర్తిచేయలేదు, అని పడుతుంది, తెల్లవారుజామున హోటల్ గదిలోనే ఆగిపోయినవాడి పేరు పక్కన డీఎన్ఎస్, అంటే మొదలుపెట్టలేదు, అని.